పది డాలర్లు, పైన ఒక లూనీ

“ఆంటీ, నా గొలుసు మీ ఇనప్పెట్టెలో దాచిపెడతారా? మా బేస్‌మెంట్‌లో ఐదుగురం ఉంటున్నాం, భయంగా ఉంది.”

అయ్యో తల్లీ, మెల్లగా! షాపులో ఎవరూ లేరనుకో, అయినా మెల్లగా అను ఆ మాట. ఆ తలుపు వైపు చూడు, ఎవరైనా వస్తున్నారా? రావట్లేదుగా. సరే, ఆ బట్టలు పక్కకి తోసి కూర్చో. దాచలేనమ్మా. నిన్ను నమ్మక కాదు, నా మీద నాకు నమ్మకం లేకా కాదు. ఈ ఏడాది నేను ఎవరి బంగారమూ పెట్టుకోకూడదు. పెట్టుకున్నానా, షాపు మూసేస్తారు. ఆ కోటు విప్పి ఇలా ఇయ్యి. లోపలి అస్తరుకి జిప్పు వేసి ఒక జేబు కుడతా, నీ గొలుసు నీ గుండెల మీదే ఉంటుంది. కుట్టేలోపు ఎందుకు దాచనో చెబుతా, విని నువ్వే చెప్పు నాది తప్పేమో.

ఆ పెట్టె నాది కాదు, తెలుసా? నాకు ముందు ఈ షాపులో తాకట్టు కొట్టు ఉండేది. వాడు ఎత్తేసి పోతూ గోడకున్న మేకులు కూడా పీక్కుపోయాడు గానీ ఆ పెట్టెని మాత్రం కదిలించలేకపోయాడు. మీ అంకుల్ చూసి, ఇంకేం, నీ దారపుండలకి బీరువా దొరికింది అని ఒకటే నవ్వు. ఆయన పొటాష్ గనిలో ఇంజనీరుగా చేసేవారులే. ఆర్నెల్ల పని, టెంపరరీ అని మమ్మల్ని ఈ దేశం తెచ్చి మొదట రెజైనాలో దింపారు. ఆర్నెల్లట! మా పెద్దదాని పిల్లలు ఇప్పుడు యూనివర్సిటీలో ఉన్నారు. అందుకే ఎవరన్నా టెంపరరీ అంటే నాకు గుండెల్లో గుబులు. ఏం చెబుతున్నా? ఆ, పెట్టె.

మొట్టమొదట అడిగింది స్రవంతి. కరీంనగర్ పిల్ల, ఇక్కడే కాలేజీలో చదివి, కాఫీ షాపులో పని చేస్తోంది. జాకెట్టు వదులు చేయించుకోవడానికొచ్చి, అచ్చం నీలాగే ఆ కుర్చీలోనే కూర్చుని అడిగింది. బ్యాంకులో లాకరు అడిగితే ఖాళీ లేదు, వెయిటింగన్నారట. సరే, నా దారపుండల పక్కన పెట్టుకోవే, ఏం పోయింది అన్నా. అంతే తల్లీ, అంతకుమించి ఏం లేదు.

కాకపోతే మా అమ్మకొక పట్టింపు ఉండేది. చీరాలలో మా ఇంట్లో చిన్నప్పట్నించీ చూసిందే. ఆడపిల్ల ఒంటి మీది బంగారం తీసి మన చేతిలో పెడితే, ఆ పిల్ల ఉత్త చేతులతో గడప దాటకూడదు. బొట్టు పెట్టి, ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపాలి. నా పెళ్ళప్పుడు కాసు బంగారం ఐదొందల చిల్లర. అదే మహా ఖరీదని మా నాన్న నెల్లాళ్ళు సరిగ్గా అన్నం తినలేదు, ఇప్పుడు ఐదొందలకి ముక్కుపుడకలో రాయి కూడా రాదు. ఆ రోజుల్లో అయితే మా అమ్మ రూపాయి బిళ్ళ పెట్టేది. నేను ఇక్కడ పది డాలర్ల నోటు పెట్టేదాన్ని, ఆ ఊదారంగు నోటు. పిల్లలు ఖర్చుపెట్టుకుంటారులే అనుకునేదాన్ని. వీళ్ళేమో, నవ్వొస్తుంది, దాన్ని మడిచి ఫోన్ కవరు వెనకాల పెట్టుకునేవాళ్ళు. కవరు అద్దంలా ఉంటుంది కదా, కనపడుతూ ఉండేది. నగ తీసుకెళ్ళేటప్పుడు అదే నోటు తెచ్చి, పైన ఒక లూనీ, అదే ఇక్కడి డాలరు బిళ్ళ, పెట్టి నా చేతికిచ్చేవాళ్ళు. సున్నాతో ఇవ్వకూడదు కదాంటీ, అమ్మ చెప్పింది అని. పదకొండు. ఎంత ముద్దొచ్చేదో నాకు! ఆ లూనీ తీసుకెళ్ళి ఆ మూల దేవుడి పటం ముందు పెట్టేదాన్ని.

స్రవంతి చెబితే ఇంకో పిల్ల వచ్చింది, ఆ పిల్ల చెబితే ఇంకొకతి. పెట్టెలో దారపుండలకి చోటు లేకుండా పోయింది.

ఇంతలో సిటీ వాళ్ళ రూలొచ్చింది. ఈ వీధిలో తాకట్టు కొట్లు, పాత బంగారం కొనేవాళ్ళు, సెకండ్ హ్యాండ్ కొట్లు ఎక్కువైపోయాయి, దొంగసొమ్మంతా ఇక్కడే చేతులు మారుతోంది అని జనం గోలపెట్టారు. దాంతో ఇలాంటివి కొత్తగా ఎవరూ పెట్టకూడదని ఒక ఏడాది ఆపేశారు. ఈలోపు ఆలోచించుకుని పక్కా రూలు తెస్తారట. విని నేను సంతోషించా చూశావూ! పోనీలెండి, వీధి బాగుపడుతుంది అన్నా మీ అంకుల్‌తో. నాకేంటీ, జాకెట్లు కుట్టుకునేదాన్ని.

ఒక గురువారం పొద్దున సిటీ నించి ఒకబ్బాయి వచ్చాడు. చిన్నవాడే, మర్యాదస్తుడే, పాపం. ఇదివరకు తాకట్టు కొట్లున్న షాపులన్నీ చూస్తున్నారట, ఎవరన్నా గుట్టుగా అదే నడుపుతున్నారేమోనని. సరిగ్గా అప్పుడే ఒక పిల్ల వ్రతానికని తన గాజులు తీసుకుంటోంది. నేను పెట్టె తెరిచా, పొట్లం ఇచ్చా, అది పదకొండు డాలర్లు నా చేతిలో పెట్టింది. ఆ అబ్బాయి చూస్తూ నిలబడ్డాడు. ఏమిటండీ ఇది అని అడిగాడు. నాకు మా పద్ధతులు ఎవరన్నా అడిగితే ఒళ్ళు తెలీదు కదా! దే గివ్ గోల్డ్, ఐ గివ్ టెన్. దే టేక్ గోల్డ్, దే గివ్ లెవెన్. ఎవ్రీబడీ హ్యాపీ, అన్నా. ఆల్వేస్ లెవెన్? అన్నాడు. ఆల్వేస్, టెన్ ఈజ్ నాట్ గుడ్, అని తల కూడా ఊపా.

నవ్వకే! ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు వాడి ముఖమే మారిపోయింది. బంగారం పెట్టుకుని పదిచ్చి పదకొండు తీసుకుంటే వాడేమనుకుంటాడు మరి? పైగా తాకట్టు కొట్టు వాడి పెట్టెలో! మా ఆఫీసులో పెద్దాయన వచ్చి చూసేదాకా తెరవొద్దని పెట్టె తలుపు మీద ఈ చివర నించి ఆ చివరకి టేపు అంటించాడు. వాడెళ్ళాక గుర్తొచ్చింది నాకు. స్రవంతి పెళ్ళి ఆదివారం.

పుస్తెలు ఆ పెట్టెలో ఉన్నాయి తల్లీ. రెండు వైపుల పుస్తెలూ. పెళ్ళికొడుకూ స్టూడెంటేగా, నలుగురితో ఒక గదిలో ఉంటాడు, వాళ్ళవాళ్ళు పంపింది కూడా దీనికే ఇచ్చాడు. పుట్టింటి పుస్తె వాళ్ళమ్మ తన చంద్రహారం చెరిపించి చేయించింది. ఆవిడకి వీసా రాలేదు, ఫోన్‌లోనే చూడాలి పెళ్ళి.

శుక్రవారమంతా సిటీ ఆఫీసుకి ఫోన్లు. పెద్దాయన సెలవట, మంగళవారం గానీ రాడట. ఆ అబ్బాయి అన్నాడూ, ఆ నగ ఎవరిదో ఆ అమ్మాయి స్వయంగా వచ్చి మాట్లాడితే చూస్తాను అని. స్రవంతికి చెప్పా. అది నా చెయ్యి పట్టేసుకుంది. వద్దాంటీ, నా వర్క్ పర్మిట్ అప్లికేషన్ నడుస్తోంది, తాకట్టు షాపు కేసులో నా పేరెక్కితే నన్ను పంపించేస్తారు అని ఏడుపు. అలా పంపించరే అని నేనెలా చెప్పను? నాకేం తెలుసు? నా మాట విని వెళ్ళి దాని చదువు, దాని ఉద్యోగం ఏమన్నా అయితే? మీ అంకుల్, టేపే కదా, పీకి తీసెయ్, మళ్ళీ అంటిద్దాం అన్నారు. తాళం నా కొంగుకే ఉంది, చూడు. నాలుగుసార్లు పెట్టె దాకా వెళ్ళా, చెయ్యి రాలేదు. మిగతా పిల్లల బంగారం కూడా అందులోనే ఉంది కదా. నేను టేపు పీకితే అందరూ దొంగలైపోతారు.

సూదిలో దారం ఎక్కించి పెట్టు కాస్త, నీకు కళ్ళున్నాయి.

ఆదివారం పదిన్నరకి ముహూర్తం. పసుపు కొమ్ము పసుపుతాడుకి కట్టింది నేనే. ఏం తప్పు లేదు, పుస్తె లేకపోతే పసుపు కొమ్మే కడతారు, పంతులుగారు కూడా భేషుగ్గా ఉంటుందన్నారు. కానీ ఫోన్‌లో వాళ్ళమ్మ చూసింది. మూడు ముళ్ళూ పడ్డాయో లేదో, పుస్తెలేవి అని అడిగింది. స్రవంతి నా వైపు చూసింది. నేను ఫోన్ అందుకుని, నా షాపులో ఉన్నాయండీ, సిటీ వాళ్ళు తాకట్టు కొట్టనుకుని పెట్టె మూసేశారూ అని మొదలుపెట్టా. తాకట్టు అన్న మాట తప్ప ఆవిడకింకేం వినపడలేదు. తాకట్టు వెడితివా బిడ్డా? నా హారం చెరిపిచ్చి చేపిస్తే, తీసుకవోయి తాకట్టు వెడితివా? అద్దెకు లేకుంటే నన్నడగకపోతివా? అని అందరి ముందూ గొల్లుమంది. ఆ పిల్ల తలమీద తలంబ్రాలు అలానే ఉన్నాయి. అమ్మా, పెట్టలేదే, నేను పెట్టలేదే అంటోంది. ఆవిడ ఫోన్ పెట్టేసింది.

నా బతుకులో అంత బాధ పడలేదమ్మా. నేను భద్రంగా దాచి, ఆ పిల్ల పరువు తీశాను.

మంగళవారం పొద్దున్నే నేను షాపు తీసేసరికి తలుపు దగ్గర స్రవంతి. మెళ్ళో పసుపు కొమ్ము, చేతులకి గోరింటాకు ఎరుపు కూడా తగ్గలేదు. అంత చలిలో కోటు గుండీలు కూడా పెట్టుకోలేదు. వీసా గీసా ఏమన్నా కానీ ఆంటీ, మా అమ్మ నన్ను అట్ల అన్నాక నాకింకేం భయం లేదు అంది. పెద్దాయన, ఆ అబ్బాయి వచ్చారు. ఈమె నీకు పది డాలర్లు అప్పిచ్చిందా అని అడిగాడు పెద్దాయన. ఇది ఫోన్ తీసి, తిరగేసి, ఆయన ముందు బల్ల మీద పెట్టింది. కవరు వెనక నేనిచ్చిన నోటు, మడతలో కాస్త కుంకం కూడా ఉంది. ఇది నాకిచ్చి ఎనిమిది నెలలు. రెండుసార్లు నా దగ్గర బస్సు పాసుకి లేక మంచులో నడిచిపోయాను, అయినా ఇది తియ్యలేదు. అప్పు తీసుకున్నవాళ్ళు ఇలా చేస్తారా సార్? అని అడిగింది ఇంగ్లీషులో.

నాకు తెలీదు తల్లీ ఆ పిల్ల మంచులో నడిచిందని. నాకప్పటిదాకా తెలీదు.

పెద్దాయన ఆ ఫోన్ చేతిలోకి తీసుకుని, ఆ కుంకం మడత కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. తర్వాత ఆ అబ్బాయితో, టేపు తీసెయ్ అన్నాడు. స్రవంతి అక్కడే నిలబడి వాళ్ళమ్మకి వీడియో కలిపింది. పొట్లం విప్పి, పుస్తెలు చేతిలో పెట్టుకుని చూపించింది. ఆవిడ ఏడ్చిన ఏడుపు! నా బిడ్డనే అనుమానపడితినమ్మా అని నాతో కూడా అంది. ఆవిడని ఏమంటాం, తల్లి కదా.

దేశం నించి ఎవరూ స్రవంతిని పంపించలేదు. పర్మిట్ కూడా వచ్చింది, ఏ గొడవా లేదు. కానీ పెద్దాయన నాతో ఖండితంగా చెప్పాడు. అన్ని పొట్లాలూ ఎవరివి వాళ్ళకిచ్చెయ్యి, ఈ టెంపరరీ రూలు తీసేదాకా ఎవరి నగలూ ముట్టుకోకు, మళ్ళీ చూస్తే నీ లైసెన్సు ఉండదు అని. పిల్లలందరూ వచ్చి తీసుకెళ్ళారు. ఒక్కొక్కతే కవరు విప్పి నోటు తియ్యబోవడం, నేను చేతులు వెనక్కి పెట్టేసుకోవడం. ఆ అబ్బాయి అక్కడే ఉన్నాడు మరి. వద్దే, ఉంచుకోండే, మీ దగ్గరే ఉంచుకోండి అని అరిచా.

ఇది జరిగిన రెండు వారాలకి, అందులో ఒక పిల్ల గదిలో దొంగలు పడ్డారు. రెండు గాజులు, ఒక గొలుసు, అన్నీ పోయాయి. నా దగ్గరుంటే పోయేవి కాదు. దొంగసొమ్ము ఆపడానికే కదా ఆ రూలు పెట్టింది? వాళ్ళని నేనేం అనను, వీధిలో పరిస్థితి నేనూ చూస్తున్నాగా. కానీ పొద్దున లేస్తే అదే ఆలోచన, ఇవాళ ఎవరి గది తలుపు పగిలిందో అని. ఏడాదిలో తీసేస్తారంటావా? పొడిగిస్తారేమో. ఆర్నెల్లకని వచ్చినదాన్ని, నాకు తెలీదూ.

ఇదుగో, అయిపోయింది. చెయ్యి పెట్టి చూడు. చంక కిందకి వచ్చేలా పెట్టా, బయటికి తెలీదు. బస్సులో ఎంత ఉక్కగా ఉన్నా కోటు విప్పకు. గదిలో హ్యాంగరుకి తగిలించి స్నానానికి వెళ్ళిపోకు, స్నానాల గదిలోకి తీసుకెళ్ళు. గొలుసు ఏదీ, నువ్వే పెట్టు, నా చేతికివ్వకు. జిప్పు లాగు. పూర్తిగా లాగు.

కుట్టుకూలా? ఇయ్యి, పది డాలర్లు. ఇది టైలరింగే కదా, దీనికి తీసుకోవచ్చు నేను.

అయ్యయ్యో, ఇదేంటే, పైన లూనీ పెట్టావు? తియ్, తియ్యమ్మా. ఎవరన్నా చూస్తే... పదంటే పదే. నలభై ఏళ్ళుగా ఈ చేతికి ఎవరూ సున్నాతో ఇవ్వలేదు, నేనూ ఎవరికీ ఇవ్వలేదు, ఇప్పుడు అడిగి మరీ సున్నాతో తీసుకుంటున్నా చూడు. మీ అమ్మ నేర్పిందా? మంచి పని చేసింది. నువ్వేం బాధపడకు. దగ్గరికి రా, బొట్టు పెట్టనీ. పిల్లాపాపలతో చల్లగా ఉండు తల్లీ, నీ సొమ్ము నీ ఒంటి మీదే ఉండాలి. పై గుండీ పెట్టుకో. ఇంటికి చేరగానే ఫోన్ చెయ్యి, మర్చిపోకు, నేను చూస్తూ ఉంటా.

ఉండు, ఆగు. ఆ లూనీ జేబులో వేసుకోకు. నా చేతికొద్దు గానీ, అదుగో ఆ మూల దేవుడి పటం ముందు నువ్వే పెట్టి వెళ్ళు. దేవుడికిస్తే సిటీ వాళ్ళేం అనరుగా?

అనరంటావా?