వానని నమ్మి ఎత్తిన తూములు

అద్దకం ఫ్యాక్టరీ మేడ మీద అక్క ఆఫీసు గది. మధ్యాహ్నం. తలుపైనా కొట్టకుండా దూసుకొచ్చాడు తమ్ముడు, పంట్లాం మీద చెరువు బురద ఇంకా ఆరనేలేదు.

“అరవకు. కింద ఆడవాళ్ళు పని చేసుకుంటున్నారు.”

“విననీ! వాళ్ళూ వినాలి. తెల్లారేసరికి చెరువులో చేపలన్నీ పొట్టలు తేలేశాయక్కా. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు.”

“ఎండలకి పోయుంటాయి. నీళ్ళు తగ్గితే గాలాడక పోవూ? ఏటా కొన్ని పోతూనే ఉంటాయిగా.”

“ఎండకి పోయిన చేప మొప్పలు నీలంగా ఉంటాయా? ఇదిగో, నా చేతులు చూడు. సబ్బు పెట్టి తోమినా వదల్లేదు.”

“లోకంలో నీలం రంగు నేనొక్కదాన్నే వాడుతున్నానా?”

“ఈ వాగు మీద నువ్వొక్కదానివే.”

“ముందు కూర్చో.”

“కూర్చోను.”

“మంచినీళ్ళు తాగు.”

“ఏ నీళ్ళు? నీ నీళ్ళా?”

“ఒరేయ్, నోరు అదుపులో పెట్టుకో. చిన్నవాడివని ఊరుకుంటున్నాను.”

“రాత్రి నీ రంగు తొట్ల తూము వాగులోకి ఎత్తావా, లేదా? అది చెప్పు.”

“రాత్రి నేనిక్కడ లేను.”

“నువ్వు కాదు తల్లీ, నీ వాచ్‌మన్. ఎత్తాడా, లేదా?”

“వానొచ్చిందన్నాడు.”

“ఎక్కడొచ్చింది?”

“రేకుల మీద చప్పుడైందట. వానొస్తే తూమెత్తు, ఆగితే దించు, అంతేగా వాడికి చెప్పింది. వాగు పొంగుతుంది, రంగు అందులో కలిసిపోతుంది, ఎవరికీ ఏమీ కాదు. నాన్న రోజుల నుంచీ అంతే.”

“నాలుగు చినుకులు! నాలుగు చినుకులు రాలి మబ్బు తేలిపోయింది. వాగులో చీలమండ తడిస్తే ఒట్టు. నీ తొట్లలో కషాయమంతా చుక్క నీరు కలవకుండా కిందికి దిగింది.”

“వాడికేం తెలుసు? తూమెత్తి నిద్రపోయాడు.”

“నేనూ నిద్రపోయానక్కా! అదే చప్పుడు విని నేనూ లేచి నా చెరువు తూమెత్తి పడుకున్నాను. కొత్త నీరొస్తుంది, చేపలకి ప్రాణం లేచొస్తుంది అని!”

“అదుగో! నీ చేత్తో నువ్వే లోపలికి పెట్టుకున్నావన్నమాట. మళ్ళీ నా మీద పడి ఏడుస్తావేం?”

“వాన నీళ్ళనుకుని పెట్టుకున్నాను! నువ్వు వదిలింది ఏమనుకుని వదిలావు, పన్నీరనుకునా?”

“ఏం మాట్లాడుతున్నావో తెలుస్తోందా నీకు?”

“నీళ్ళు శుభ్రం చేసే ప్లాంటు పెట్టావుగా. రిబ్బను కత్తిరించావు, ఫొటోలు దిగావు. గేటు మీద పచ్చటి ఆకు బొమ్మ కూడా వేయించావు. ఏం చేస్తోందది?”

“నడుస్తోంది.”

“ఎప్పుడు?”

“నడవాల్సినప్పుడు.”

“అంటే తనిఖీ వాళ్ళ జీపు గేటు దాకా వచ్చినప్పుడు.”

“ఏరా, దాన్ని రోజంతా తిప్పితే కరెంటు నీ తాత కడతాడా? అవతల బట్ట కొనేవాడు రేటు తగ్గించమని పీక మీద కూర్చున్నాడు. పెంచానా, రేపే ఇంకో ఫ్యాక్టరీకి పోతాడు. అప్పుడు కింద ఉన్నవాళ్ళంతా ఎక్కడికి పోవాలి? నీ చెరువు గట్టు మీద కూర్చుని గాలి పీలుస్తారా? నీ పెళ్ళాం ఎక్కడికి పోతుంది?”

“దాన్ని మధ్యలోకి లాగకు.”

“ఎందుకు లాగకూడదు? నీ చేపలు పెరిగేదాకా మీ ఇల్లు నడిచింది దాని జీతంతోనేగా? ఇదే ఫ్యాక్టరీలో, ఇవే తొట్ల దగ్గర! తిన్నింటి వాసాలు లెక్కపెట్టకు.”

“దానికింకా తెలీదు. తెల్లారకముందే డ్యూటీకొచ్చేసింది.”

“చెప్పలేదా?”

“ఏమని చెప్పను? ఆ ఆవిర్లకి రాత్రిళ్ళు దగ్గీ దగ్గీ లేచి కూర్చుంటోందక్కా. ఈ ఒక్క పంట చేతికొస్తే పని మానేద్దువు గానిలే అన్నాను. నిన్న కూడా అన్నాను. ఇప్పుడు కిందికెళ్ళి ఏమని చెప్పను దానికి?”

“సర్లే. నష్టం నేనిస్తాను. ఊరంతా చాటకు.”

“నీ నష్టం నువ్వే ఉంచుకో. కాలుష్యం ఆఫీసుకి ఫోన్ చేశాను. సాయంత్రం వస్తున్నారు.”

“ఏంటీ? సొంత అక్క మీదా?”

“తమ్ముడి చెరువులో విషం పోసిన అక్క మీద.”

“విషం, విషం అనకు! రంగురా అది, ఉత్త రంగు! తాగినా ఏం కాదు. చిన్నప్పుడు ఇదే వాగులో మునిగి రంగురంగులుగా ఇంటికెళ్ళేవాళ్ళం. చచ్చామా?”

“అప్పుడు నాన్న చెట్ల బెరడు ఉడకేసేవాడు. నీ డబ్బాల మీద పుర్రె బొమ్మ ఉంది! కళ్ళు మూసుకుని కొంటున్నావా?”

“సరే, రమ్మను! రానీ! ఏం చూపిస్తావు వాళ్ళకి? చేపలే కదా? చూపించు. ఎక్కడున్నాయి?”

“నా చేతులు చూపిస్తాను.”

“చేతులు కాదు, చేపలు. చెరువెడు చేపలు. ఏం చేశావు?”

“నీళ్ళున్నాయిగా. నీళ్ళు పట్టుకెళ్తారు.”

“ఒరేయ్, నేనడిగేది చేపల సంగతి.”

“గొయ్యి తీసి పాతేశాను.”

“ఒక్కడివే? చెరువెడు చేపలకి? పూట తిరక్కుండా గొయ్యి తీసి, పూడ్చి, ఇక్కడికొచ్చి గొంతు చించుకుంటున్నావా?”

“నా తిప్పలేవో నేను పడ్డాను. నీకెందుకు?”

“నీళ్ళు నమలకు. ఇటు చూడు. నా మొహం చూసి చెప్పు.”

“బేరగాడు వచ్చేశాడక్కా. ఇవాళ వలేస్తానని ముందే మాటిచ్చాను. బండి, ఐసు, మనుషులు, అంతా గట్టు మీదికొచ్చి నిలబడ్డారు. కొన్ని అప్పటికింకా కొట్టుకుంటూనే ఉన్నాయి, ఏదో, బతికే ఉన్నాయిగా అని…”

“అమ్మేశావా?”

“మరేం చెయ్యమంటావు? ఏడాది మేపాను! నాకు మాత్రం కడుపు లేదా?”

“ఛీ! విషమని తెలిసీ జనానికి అమ్మావా? పైగా నాకు నీతులు చెప్తావా?”

“ఇప్పుడు విషమైందా? ఇందాకటిదాకా ఉత్త రంగు, తాగినా ఏం కాదు!”

“ఎవడా బేరగాడు?”

“ఎవడైతే నీకేం?”

“చెప్పరా!”

“పచ్చ వ్యానులో వస్తాడే, కాలీడుస్తూ నడుస్తాడు. అతనే. ఏమైంది? ఎందుకలా చూస్తావు? అక్కా!”

“మా క్యాంటీన్‌కి చేపలు వేసేది వాడేరా. పొద్దున ఫోన్ చేశాడు. సగం ధరకిస్తానంటే రోజూ దింపేదానికి రెట్టింపు దింపమన్నాను.”

“ఫోన్ చెయ్యి. ఆపమను. అక్కా, నీకు దణ్ణం పెడతాను, ఆపమను!”

“చేస్తున్నా, ఉండు, చేస్తున్నా… హలో! వంట బాబాయ్! నేను, పై నుంచి! చేపల కూర ఆపెయ్! ఎవ్వరికీ వడ్డించకు!”

“స్పీకర్లో పెట్టు, స్పీకర్లో పెట్టు!”

“ఇంకెక్కడి కూరమ్మా, గిన్నె కూడా తోమేశాం! ఒక్కళ్ళు వంక పెడితే ఒట్టు. మీ మరదలైతే, ‘అచ్చం మా చెరువు చేపల్లాగే ఉన్నాయి బాబాయ్’ అని మారు వడ్డించుకుని మరీ తిన్నది.”