తెడ్డు మీది అమ్మ

అది 1983 వేసవి. న్యూగినీలో అస్మత్ తెగ వాళ్ళ ఊళ్ళు చూసి పిస్కాటవేలోని ఇంటికి తిరిగొచ్చిన నాన్న, సంచిలోంచి బొమ్మ చెక్కిన పొట్టి పడవతెడ్డు తీశాడు. అమ్మ పోయిన రెండేళ్ళలో ఆయన ఆవిడ మాటెత్తగా కూతురు వినలేదు.

"పైన ఈ బొమ్మ ఎవరు నాన్నా?"

"అక్కడ చెక్కిన బొమ్మకి పోయినవాళ్ళ పేరు పెడతారమ్మా. ఇది మీ అమ్మ, ఆండాళ్."

"అమ్మ ముక్కు ఇంత పెద్దదా?"

"ఆవిడ ఎలా ఉండేదని చెక్కే ఆయన అడిగాడు. చెబుతూ కూర్చుంటే పొద్దుపోయింది. తర్జుమా చేసి చేసి గైడ్‌కి నోరు నొప్పెట్టింది."

"అంతసేపు ఏం చెప్పావు?"

"కార్లో రైట్ తిప్పమనేది, తిప్పాక ఎందుకు తిప్పారనేది."

"వాళ్ళకి కార్లెక్కడివి?"

"పడవలో ఆ చెక్కే ఆయన భార్యా అంతేనట. ఇద్దరం నవ్వుకున్నాం."

కూతురు తెడ్డు ఒళ్ళో పెట్టుకుంది.

"మొదటినుంచీ చెప్పు నాన్నా. నాకు తర్జుమా అక్కర్లేదు."