పూడ్చిన బావులను వెతికిన ఇంజనీరుగారు

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూలై మూడవ తేదీన మురుగునీటి విభాగంలో సహాయక ఇంజనీరుగా బాధ్యతలు స్వీకరించి, ముప్పై అయిదు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం నేడు పదవీ విరమణ చేస్తున్న మా ఇంజనీరుగారిని కార్యాలయంలో అందరం 'బావుల బాబాయిగారు' అంటాం. ఆ పేరు రావడానికి కారణం నేను చేసిన ఒక తప్పు. ఇటువంటి వ్యాసంలో రచయిత తన తప్పు రాసుకోవడం మర్యాద కాదేమో గాని, ఇంకా దాచడం నా వల్ల కాదు.

తొలి పన్నెండేళ్లూ వారు వీధి మ్యాన్‌హోళ్ల నిర్వహణ చూశారు. లోపలి గాలిని పరీక్షించనిదే ఏ కార్మికుణ్ణీ దిగనిచ్చేవారు కాదు. పైఅధికారులు తొందరపెడితే మూత మీద తామే నిలబడేవారు. ఎంత మొత్తుకున్నా కదిలేవారు కారు.

అనంతరం నగరం అడుగున తొంభై అడుగుల లోతున ప్రధాన మురుగు సొరంగ నిర్మాణానికి సారథ్యం వహించారు. సర్వే నాది. సొరంగ మార్గం పైన పాత బావులేవీ లేవని సంతకం పెట్టి ఇచ్చాను. వారేమో ఆ పటం చంకన పెట్టుకుని, సాయంత్రం పూట ఇంటింటికీ వెళ్లి ముసలమ్మలతో కబుర్లు మొదలుపెట్టారు. నాకు ఒళ్లు మండింది.

"నా సర్వే మీద నమ్మకం లేదాండీ?" అని అడిగేశాను.

"ఉందయ్యా. కానీ నీ పటం ఏనాడూ నీళ్లు తోడలేదు కదా," అన్నారు.

తవ్వే యంత్రం ఒక తాపీ మేస్త్రి ఇంటికి నలభై అడుగుల దూరంలో ఉండగా, ఆయన తల్లి వంటగది గచ్చు మీద చేతికర్రతో తట్టి చూపింది.

"కాపురానికొచ్చిన కొత్తలో ఇక్కడే తోడేదాన్ని నాయనా. చాలా లోతు బావి. పూడ్చేసి పైన పొయ్యి పెట్టుకున్నాం."

ఆ వదులు మట్టి కిందుగా యంత్రం వెళ్లి ఉంటే, పొయ్యితో పాటు ఆ ఇంట్లోని అయిదుగురూ భూమిలోకి కుంగిపోయేవారు. ఇంజనీరుగారు తక్షణం యంత్రాన్ని ఆపించి, కుటుంబాన్ని పక్కింటికి మార్చి, పైనుంచి వచ్చిన చీవాట్లన్నీ భరిస్తూ, పదకొండు రోజులు బావిలోకి సిమెంటు పాలు ఎక్కించి గట్టిపరిచాకే ముందుకు కదలనిచ్చారు. గచ్చు పాడుచేశారని ఆ పెద్దావిడ రోజూ తిట్టేది. "తిడితే తిట్టింది, టీ మాత్రం బాగా పెడుతుంది," అని వారు నవ్వేవారు.

పని ఆలస్యానికి కారకుడెవరని విచారణ జరిగింది. నా పేరు రాస్తే నా ఉద్యోగం ఊడేది. అప్పటికి నా ఇద్దరు పిల్లలూ బడిలో చేరలేదు. "పాత బావిని మేము గమనించలేదు" అని రాసి, కింద వారొక్కరే సంతకం పెట్టారు. ఆ ఏడు రావలసిన పదోన్నతి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదని వారి సతీమణిగారు మొన్న అంటుంటే విని, తల ఎత్తలేకపోయాను.

అమ్మా, గమనించనివాణ్ణి నేను. మీ ఇంటికి రావలసిన గౌరవం నా వల్లే ఆగింది. ఇరవై ఏళ్లు నోరు విప్పనందుకు మన్నించండి. ఈ సంగతి బయటపెట్టినందుకు బాబాయిగారు నన్ను తప్పక కోప్పడతారు. వారు సంపూర్ణ ఆరోగ్యంతో, మీ తోడుగా నిండు నూరేళ్లూ ఉండి, కనిపించినప్పుడల్లా నన్ను అలా కోప్పడుతూనే ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.