మిక్సీ వైరుకి నల్ల ఉంగరం

"పెద్దమ్మా, ఈ మిక్సీ వైరుకి ఈ నల్ల రింగేంటి? తీసెయ్యనా?"

ఆగాగు! దాని మీద చెయ్యి వెయ్యకు తల్లీ. అది మీ పెదనాన్న చుట్టింది. వైరుని దాంట్లోంచి అలా చుట్లు చుట్లుగా దూర్చి... కూర్చో, ఆ గిన్నె అలా పెట్టు, చెప్తాను.

మీ పెదనాన్న లెక్కల మాస్టారు కదా, ఆయనకి హామ్ రేడియో పిచ్చి. పాటలు వినే రేడియో కాదే, మాట్లాడే రేడియో. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నారు. అమలాపురంలో మేం అద్దెకున్న ఇంటి డాబా మీద తీగ కట్టి, కింద గదిలో బ్యాటరీ పెట్టుకుని, రోజూ పొద్దున్నే ఎక్కడెక్కడి వాళ్ళతోనో కబుర్లు. ఏం మాట్లాడుకునేవారో తెలుసా? "మీ మాట బాగా వినపడుతోందండి, నా మాట వినపడుతోందాండి?" అంతే! ఆ మాత్రం దానికి ఇడ్లీలు చల్లారిపోయేవి.

ఆయన మైకు పట్టుకునే వేళకే నేను పచ్చడికి మిక్సీ వేసేదాన్ని. రేడియోలో గర్రుమనేది. మా అమ్మ, అదే మీ అమ్మమ్మ, కొనిచ్చిన మిక్సీ అది. మా వీధిలో అదే మొదటిది... కాదు కాదు, డాక్టరు గారింట్లో ఉండేది, మాది రెండోది. మీ పెదనాన్న కాకినాడ వెళ్ళి ఈ రింగు తెచ్చి చుట్టారు. గోల తగ్గింది, అబద్ధం ఎందుకూ. కానీ పూర్తిగా పోలేదు. ఇంక వీధి మీద పడ్డారు. చిన్న ట్రాన్సిస్టరు చెవికి ఆనించుకుని, ఏ స్టేషనూ రాని చోట ముల్లు నిలిపి, ఎవరి గుమ్మం దగ్గర గరగర పెరుగుతుందా అని ఇంటింటికీ తిరిగేవారు. జనం ఊరుకుంటారా? "స్కోరెంతండీ మాస్టారూ?" అనేవారు. దొరికిన మిక్సీకల్లా ఓ రింగు చుట్టొచ్చారు.

మనింట్లో కూడా తిరిగారులే. హాలు, వంటిల్లు, పెరడు, ఎక్కడా చప్పుడు లేదు. "మనింట్లో ఏ లోపం లేదు, నీ మిక్సీ తప్ప" అని తేల్చేశారు. ఆయన రేడియో ముందు కూర్చున్నంతసేపూ మిక్సీ వెయ్యకూడదని ఆర్డరు. వీధిలో వాళ్ళందరూ ఆయన చుట్టిన రింగులతో మిక్సీలు తిప్పుకుంటుంటే నేను రోట్లో రుబ్బుకున్నానే! ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదే కదూ?

అలా ఉండగా గోదావరికి వరదొచ్చింది. మీ అమ్మ ఏటి మధ్య లంకలో అత్తారింట్లో ఉంది, నెలలు నిండి. మీ అన్నయ్యప్పుడైతే పుట్టింటికొచ్చింది గానీ, రెండో కాన్పు కదా, అక్కడే ఉండిపోయింది. ఫోన్లు పోయాయి. అందర్నీ పడవలెక్కించారని ఒకరు, లంకలోనే చిక్కుకున్నారని ఇంకొకరు. నా చెల్లెలికి ఏమైందో అని నాకు అన్నం సయించలేదు. మీ పెదనాన్న స్నేహితుడు సుబ్బరాజు గారని, ఆయనా హామే, గట్టు మీద స్కూల్లో రేడియో పెట్టుకుని ఒడ్డుకు చేరినవాళ్ళ పేర్లు చదువుతున్నారు.

మధ్యాహ్నం, ఒకటే ఉక్క. కాగితాలు ఎగిరిపోకుండా మీ పెదనాన్న ఫ్యాన్ తగ్గించుకుని కూర్చున్నారు. నేను కుర్చీ పక్కనే నిలబడ్డాను. సుబ్బరాజు గారు మీ లంక పేరు చెప్పారు, మీ ఇంటిపేరు చెప్పారు, అక్కణ్ణించి గర్ర్ తప్ప ఇంకేం లేదు. మీ పెదనాన్న అలవాటు కొద్దీ, "ముందా మిక్సీ ఆపు!" అని అరిచారు. నేను పక్కనే ఉన్నానే! నా చేతిలో ఉన్నది చీరకొంగు!

ఒళ్ళు మండిపోయింది. "మిక్సీ ఏంటి, ఇల్లు మొత్తం ఆపుతాను" అని వెళ్ళి మెయిను కట్టేశాను. తెలివితో కాదే, కోపంతో. రేడియో బ్యాటరీ మీద కదా, అది ఆగలేదు. గరగర ఆగింది! సుబ్బరాజు గారు పక్క గదిలోంచి చెప్తున్నట్టు, "ఆడపిల్లండి మాస్టారూ, పడవ దిగీ దిగకుండానే పుట్టేసింది, తల్లీ బిడ్డా క్షేమం" అన్నారు. అది నువ్వే. నేను అక్కడే కూలబడి ఏడ్చేశాను. మీ పెదనాన్న కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండిపోయారు.

కాసేపటికి మెయిను వేశాను. మళ్ళీ గర్ర్. నాకు మంచినీళ్ళు తేవడానికని ఆయన లేచారు. లేస్తూ ఫ్యాన్ కట్టేశారు. గదిలోంచి కాలు బయట పెడితే ఫ్యాన్ కట్టెయ్యాలి, ఆయనకదో వ్రతం, నీకు తెలుసుగా. రేడియో ఠక్కున ఊరుకుంది! "ఏవండీ, ఒకసారి ఫ్యాన్ వెయ్యండి." గర్ర్. "కట్టండి." చప్పుడు లేదు. కరెంటు ఆదా అని ఆయన చేతులారా బిగించుకున్న కొత్త ఎలక్ట్రానిక్ రెగ్యులేటరమ్మా! ట్రాన్సిస్టరు పట్టుకుని లేచినప్పుడల్లా ఫ్యాన్ కట్టేసి మరీ వెతికారాయె. ఇంకేం దొరుకుతుంది?

ఏమన్నారనుకున్నావు? మాస్టారు కదా, తనది తప్పంటారా! మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చి, "రేపట్నించి పచ్చడి మిక్సీలోనే వేసుకో" అన్నారు. పాత డబ్బా రెగ్యులేటరు మళ్ళీ గోడెక్కింది.

అందుకని ఆ రింగు ఉండనీ. నువ్వు ఏ ఊళ్ళో కాపురమున్నా, నీ కబురు ఆ రోజులాగే గరగర లేకుండా నా చెవిన పడాలి తల్లీ, చల్లగా ఉండు. సరే, కొబ్బరి ముక్కలు వెయ్యి, మూత గట్టిగా పట్టుకో... ఏంటి, పెదనాన్న రేడియో ముందున్నారా? ఉండనీ. తిప్పు!