రెండు మెట్ల స్టేషన్

దక్షిణ ట్యునీషియాలో ఫాస్ఫేట్ గనుల ఊరు. ఆసుపత్రి మార్చురీలో డాక్టర్ నజీహా, హెడ్ కానిస్టేబుల్ లజ్‌హర్. మధ్యన బల్లమీద, స్టేషన్లో రెండు రోజులుండి చనిపోయిన లారీ డ్రైవరు నౌఫల్. లజ్‌హర్ తెచ్చిన కాగితం మీద ఆమె సంతకం చేస్తేగాని శవాన్ని తల్లికివ్వరు.

"గుండె ఆగి పోయాడని రాసుందిగా డాక్టరమ్మా. ఇంకా ఏంటి?"

"అందరికీ ఆగుతుందయ్యా. ఆగకపోతే నా దగ్గరికెందుకు తెస్తారు? ఎందుకాగిందని."

"మెట్ల మీంచి పడ్డాడు."

"మీ స్టేషన్‌కి మెట్లెక్కడివి?"

"గుమ్మం ముందు ఉన్నాయిగా."

"ఉన్నాయిలే, రెండు. మా అత్తగారు మోకాళ్ళ నొప్పులతో ఎక్కి దిగింది. సరే, ఎలా పడ్డాడు?"

"ఎలా అంటే... పడ్డాడు."

"అరికాళ్ళ మీద పడ్డాడా?"

"ఆఁ, అరికాళ్ళ మీదే."

"అరికాళ్ళ మీద పడితే దాన్ని నిలబడ్డం అంటారు లజ్‌హర్. ఇటు చూడు. కమిలి నల్లబడ్డాయి రెండూ. అటు తిరక్కు, ఇటు చూడు."

"చూశాను."

"మణికట్ల మీద ఈ గీతలు?"

"వాచీ అయ్యుంటుంది."

"రెండు చేతులకా? లారీ తోలేవాడికి అంత టైమెందుకు?"

"నవ్వులాట కాదండీ. సంతకం పెట్టకపోతే మిమ్మల్ని ఎడారిలోకి బదిలీ చేయిస్తానన్నాడు మా పెద్దాఫీసరు."

"ఇప్పుడేం సముద్రం ఒడ్డున ఉన్నానా?"

"మీకు పుణ్యముంటుంది, పెట్టెయ్యండి. వాళ్ళమ్మ పొద్దున్నుంచి గేటు దగ్గర ఎండలో కూర్చునుంది. పొద్దువాలే వేళ అస్ర్ నమాజు లోపల పూడ్చుకుంటుంది పాపం."

"ఆవిడ వచ్చి కొడుకు పాదాలు ముట్టుకుంటుంది. అప్పుడు నేనేం చెప్పను? పోనీ, నువ్వు చెప్తావా?"

"నన్నెందుకు లాగుతారు? నేనా గదిలో లేను."

"ఏ గదిలో?"

"అదే... వెనక గదిలో."

"మెట్లు ముందున్నాయన్నావుగా."

"ఒట్టు డాక్టరమ్మా, నేను చెయ్యి వెయ్యలేదు. నాకు పిల్లలున్నారు."

"వెయ్యలేదులే. మరేం చేశావు?"

"ఏం చెయ్యలేదు. టీ తెమ్మన్నారు, ఇచ్చి వచ్చేశా. అంతే."

"ఎన్ని గ్లాసులు?"

"అంటే?"

"టీ. ఎన్ని గ్లాసులు పట్టుకెళ్ళావు లజ్‌హర్?"

"గ్లాసులా? ఉండండి, లెక్కేసుకోవాలి."

"తొందరేం లేదు. ఆలోచించుకో."

"ఆరు. ఒకటి ఆ అబ్బాయికని తీసుకెళ్ళా, తాగనివ్వలేదు. మిగతా అయిదుగురి పేర్లూ చెప్తాను, రాసుకోండి."