అన్ని ట్యాబులకూ ఒకే ఫారం

"కూర్చో డాక్టరమ్మా, ముందు కాఫీ తాగు. వినండర్రా, మన పశువుల డాక్టరు స్మిల్యా రేపు ఒక గొర్రెలు కాసే కుక్కని బుడాపెస్టు కుక్కల పోటీకి పంపాలట. ఆసుపత్రి కంప్యూటర్ ప్రోగ్రాంలో దాని పేజీలో రేబిస్ టీకా కనిపించట్లేదట, ఆ కాగితం లేకపోతే సరిహద్దులో వెనక్కి తోలేస్తారట. ఇదో పెద్ద పనా నాకు? అసలా ప్రోగ్రాం రాసిందెవరు? ఈ రతోమిర్.

"పైథాన్‌లో రాశా, మూడు రోజుల్లో. కుక్క వచ్చిందా, మీట నొక్కు, తెర మీద దాని పేరుతో కొత్త ట్యాబు, అందులో టీకాల ఫారం. బెల్‌గ్రేడులో పెద్ద పెద్ద జీతగాళ్లు ట్యాబుకో కొత్త ఫారం పుట్టిస్తారు, బుర్రలేని వెధవలు. నేను ఒక్కటంటే ఒక్కటే చేసి, దాన్నే అన్నిట్లోకీ తోశా."

"ఎన్నిట్లోకి?" అన్నాడు కాఫీలు పోస్తున్న కొట్టు యజమాని తిహోమిర్.

"మొదట పన్నెండు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాలుగు వందలు. మన ఉజిత్సె ఊరి కుక్కలూ పిల్లులూ అయిపోతే దేశం మొత్తం నా దగ్గరికే వచ్చింది, లక్షా ఇరవై వేల ట్యాబులు, తెర చాలక గోడ మీదికి పాకాయి, నా కళ్లతో చూశా. తారా కొండ మీంచి ఎలుగుబంట్లు దిగొచ్చి వరసలో నుంచుని, దేని ట్యాబు అదే గోరుతో నొక్కుకున్నాయి."

"వాటికి సూది ఎవరు పొడిచారు?"

"మధ్యలో అడ్డు రాకు."

మూడేళ్లుగా ఈ కాఫీ కొట్టులో వింటున్నాం ఈ కోతలు, మా చెవులు తూట్లు పడ్డాయి. స్మిల్యా మాత్రం ల్యాప్‌టాప్ తెరిచి అతని వైపు తిప్పింది. గొర్రెల కుక్క ట్యాబు నొక్కింది, ఖాళీ. పక్కదీ ఖాళీ. అలా ముప్పై తొమ్మిది. చిట్టచివర చర్చి ఫాదరుగారి పిల్లి ట్యాబులో ఉంది ఫారం. ఊళ్లో కుక్కలన్నిటి టీకాలూ ఆ పిల్లి పేరు మీదే పడ్డాయి.

"ఒకే కుర్చీని నలభై గదుల్లో వేస్తే, ఆఖరున మోసుకెళ్లిన గదిలోనే కదయ్యా ఉండేది," అంది.

రతోమిర్ గొంతు సవరించుకుని, రేపు మధ్యాహ్నానికల్లా చూస్తానన్నాడు.

"నువ్వు చూడక్కర్లేదు. నిన్న ఆవు ఈనడం ఆలస్యమైతే కొట్టంలో కూర్చుని నేనే నేర్చుకున్నా. అచ్చు ఒకటే, ఇటుకల్లా దాంట్లోంచి ట్యాబుకో కొత్త ఫారం. ఎనిమిది లైన్లు. టీకాలు నా నోటుబుక్కులోంచి ఎక్కించుకుంటా. ప్రోగ్రాం మార్చనివ్వకుండా నువ్వు పెట్టిన పాస్‌వర్డు ఒక్కటే కావాలి, అందుకే ఇంతసేపు కూర్చున్నా."