తాళింపు వాసనకి మోగిన ఫోన్లు

మధ్యాహ్నం పూట పెద్ద హోటలు ముందు ఎండలో నిలబడలేక, ఆర్డర్లు మోసుకెళ్ళే పిల్లలంతా పక్కనున్న చిన్న హోటలు మెట్ల మీద చేరతారు. ఎర్ర చొక్కాలది ఒక కంపెనీ, పచ్చ చొక్కాలది ఇంకో కంపెనీ. నీడలోకొచ్చాక మాత్రం అందరూ ఒకటే. వాళ్ళు అలా కూర్చున్నారంటే చాలు, ఆ చిన్న హోటలు వంటమాస్టారికి కోతలు కోసే పూనకం వచ్చేస్తుంది.

లోపల గిన్నెలు తుడుస్తున్న ఆయన భార్యకి ఆ కోతలు వినడం అలవాటే. ఈ రోజు మాత్రం వినబుద్ధి కావడం లేదు. రెండు కంపెనీలూ పోటీపడి భోజనం సగం ధరకి పెట్టమన్నాయి. మా వల్ల కాదన్నందుకు ఫోన్లో కనిపించే హోటళ్ళ వరుసలో వీళ్ళ పేరు ఎక్కడో అడుక్కి తోసేశాయి. ఈ పూట ఒక్క ఆర్డరూ లేదు. "ఇవాళ కూడా అన్నం మిగిలితే రేపట్నుంచి పొయ్యి వెలిగించొద్దు" అని పొద్దున ఆయనే అన్నాడు. లోపల దిగులు పెరిగేకొద్దీ ఆయన కోతలూ పెరుగుతాయని ఆవిడకి తెలుసు.

"మొన్నామధ్య ఎర్ర కంపెనీ ఆఫీసరొచ్చాడు," అంటున్నాడు మాస్టారు. "మా దాంట్లోనే ఉండండి మాస్టారూ అని పళ్ళబుట్ట చేతిలో పెట్టాడు. పెద్ద విషయమేం కాదులే."

"అంతేనా బాబాయ్?" అన్నాడొక పచ్చ చొక్కా.

"అంతే ఎందుకవుతుందిరా. గంట తిరక్కుండా మీ పచ్చ కంపెనీవాడు రెండు బుట్టలతో దిగాడు. ఆ సంగతి తెలిసి ఎర్ర ఓనరు హెలికాప్టర్లో వచ్చి మా డాబా మీద వాలాడు. ఆ గాలికి మీ పిన్ని ఆరేసిన దుప్పట్లు ఎగిరి పక్క వీధిలో పడ్డాయి, కావాలంటే అడగండి."

"నిజమేనా పిన్నీ?"

"రెండు దుప్పట్లు," అందావిడ లోపల్నుంచి. ఆ మాత్రం సాయం పెళ్ళైన నాటి నుంచీ చేస్తూనే ఉంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పచ్చ ఓనరూ ఊడిపడ్డాడు. ఇద్దరూ నన్ను చెరో చెయ్యీ పట్టుకుని లాగుతుంటే, ఆగండయ్యా, నూనె మాడిపోతోందని విదిలించుకుని తాళింపు వేశాను. ఆ వాసనకి ఊళ్ళో ఫోన్లు వాటంతటవే మోగి, వాటంతటవే ఆర్డర్లు పెట్టేశాయి. జేబులో ఉన్నవి జేబులోంచే, దిండు కిందున్నవి దిండు కింద నుంచే. ఛార్జింగు అయిపోయినవి కూడా లేచి కూర్చున్నాయి. కంపెనీల కంప్యూటర్లు పొగలు కక్కుతుంటే ఓనర్లిద్దరూ నా కాళ్ళ మీద పడ్డారు, ఆ మూకుడు దించండి మాస్టారూ అని. ఇక గుమ్మం ముందు వరుస ఎక్కడిదాకా పోయిందో నేనూ చూళ్ళేదు గానీ, చివర్న నిలబడ్డ కుర్రాడు నా దగ్గరికొచ్చేసరికి వాడికి పెళ్ళై ఇద్దరు పిల్లలు. వాళ్ళకీ ఆకలే."

మెట్ల మీద అందరూ పడీపడీ నవ్వారు.

"ఆనాటి నుంచీ మన దగ్గర ఒక్క ప్లేటు మిగిలితే ఒట్టు. నిన్న కూడా ఎర్ర ఓనరు ఫోన్ చేసి బతిమాలాడు, ఒక్క ముద్ద దాచమని. లేదు పొమ్మన్నాను."

హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఎర్ర చొక్కా అమ్మాయి తలెత్తింది.

"మరి ఆ ప్లేట్లన్నీ ఎవరు పట్టుకెళ్తున్నారు బాబాయ్? పార్సిళ్ళు మోసేది మేమేగా."

ఆ అమ్మాయి గొంతులో వెటకారం లేదు.

"ఎందుకడిగానంటే, రోజంతా ఊరివాళ్ళ అన్నం మోస్తాం. మీ వంట వాసనకి ప్రాణం లాగేస్తుంది. అడుగుదామనుకుంటాం. ఓనర్లకే లేదన్నది మనకెక్కడ పెడతారులే అని, సందు చివర బన్ను తినొచ్చి మళ్ళీ ఇక్కడే కూర్చుంటాం."

"నేనూ అంతే," అన్నాడు పచ్చ చొక్కా నెమ్మదిగా.

మాస్టారు నోరు తెరిచాడు. ఇంకో కోత కోస్తాడేమో, ఈ ఆకలి కడుపులు అలాగే లేచి వెళ్ళిపోతాయేమోనని ఆవిడ భయపడింది. వద్దయ్యా అని మనసులోనే వేడుకుంది.

ఆయన భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, కళ్ళు కూడా.

"ఉందమ్మా," అన్నాడు. "పొద్దుట్నుంచీ అలాగే ఉంది. లేచి చేతులు కడుక్కోండి."